ఇమాం వలి తుడిచిన కారు

1948 ఎండాకాలం చివర తుకారాం కుటుంబంతో బెజవాడ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు తన నల్ల కారును సికింద్రాబాదు కార్ఖానా బస్తీలో తన ఇంటి పక్కనే ఉన్న కట్టెల గోదాంలోకి చేర్పించాడు. ఇంజను చప్పుడు వీధికి వినబడకూడదని నలుగురు కూలీలు తోశారు. కారుకు అడ్డంగా కట్టెల మోపులు మనిషెత్తు పేర్చారు. మోపుల వెనుక ఇమాం వలి నిలబడి ఉన్నాడు. ఆ కారు కడగడం, తుడవడం ఆరేళ్లుగా అతని పని.

తుకారాం అతన్ని పక్కకు పిలిచాడు.

"వలీ, జెర చెవి పెట్టి విను. కారు ఈడ ఉన్నట్టు ఎవ్వనికి తెల్వొద్దు. రజాకార్లు బండ్లు గుంజుకపోతున్నరు. నీళ్లు పొయ్యకు. గోదాంల కెల్లి మోరీలకు నీళ్లు పారినయంటే లోపల ఏదో కడుగుతున్నరని గల్లీ గల్లీకి తెలుస్తది."

"నీళ్లు లేకుంటే ఎట్ల, సేఠ్?"

"అది నీ హికమతు, నీ ఉపాయం. నేనొచ్చిననాడు దాంట్ల నా మొఖం కనబడాలె. కనబడ్డదా, స్టీరింగు నీ చేతికిస్త. జకర్యా జాగల నువ్వే డ్రైవరువు."

జకర్యా పాత డ్రైవరు. మౌలాలి రైల్వే కాలనీ మనిషి. మార్చిలో మద్రాసు వెళ్లిపోయాడు. వెళ్లకముందు రెండేళ్ల పాటు, తుకారాం ఊళ్లో లేని రోజుల్లో, మౌలాలి గుట్ట వెనుక బీడులో ఇమాం వలికి బండి నడపడం నేర్పాడు. లైసెన్సు కూడా ఇప్పించాడు. ఆ కాగితాన్ని ఇమాం వలి రేకు డబ్బాలో దాచుకున్నాడు. చూపించాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

అతను దూదేకుల వాళ్ల పిల్లవాడు. తండ్రి భుజాన విల్లు వేసుకొని ఇల్లిల్లూ తిరిగి పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. నలభై దాటకముందే దగ్గుతో పోయాడు. చివరి రోజుల్లో ఆయన ఉమ్మిలో కూడా దూది నూగు ఉండేది. అది చూసిన ఇమాం వలి దూది ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కారు పని దొరికినప్పుడు, తుడవడమైనా సరే అనుకున్నాడు. తుడిచేవాడు ఏదో ఒకనాడు నడుపుతాడని అతని ఆశ. ముప్పైనాలుగేళ్లు వచ్చినా ఆ ఒకనాడు రాలేదు. ఇప్పుడు సేఠ్ నోటితో మాట ఇచ్చాడు.

గోదాంకు ఒక పక్క వీరయ్య పిండి గిర్నీ. గోడకూ రేకుల కప్పుకూ మధ్య జానెడు సందు ఉంది. గిర్నీ నడిచినంతసేపు జొన్నపిండి ఆ సందులోంచి వచ్చి కారు మీద పడేది. ఒక్కోరోజు కారం. కట్టెల నుంచి రాలే పొట్టు వేరే. నిజానికి అది పెద్ద మురికి కాదు. వేలితో గీస్తే గీత పడేటంత పొర. వారానికొకసారి నాలుగు బక్కెట్లు నీళ్లు పోసి కడిగితే పోయేది. ఆ నాలుగు బక్కెట్లే లేవు. వానలు మొదలయ్యాయి. పొడిగా ఉన్నప్పుడు దుమ్ముగా ఉన్నది తేమ తగిలితే బంక అవుతోంది. బంక అయ్యాక రుద్దకుండా రాదు. కాబట్టి ఏ రోజు దుమ్ము ఆ రోజే తీయాలి.

మొదటి రోజు మెత్తటి మల్మల్ గుడ్డతో పొడిగా తుడిచాడు. రేకు చిల్లులోంచి పడిన ఎండలో, ముందు దీపం పక్కన, వెంట్రుక వంటి గీత కనబడింది. చేయి ఆపేశాడు. జకర్యా చెప్పింది అప్పుడు అర్థమైంది.

"మీద పడేది మట్టనుకుంటవు తమ్మీ," అనేవాడు జకర్యా. "అది రాయి. సన్నగ నూరిన రాయి. గుడ్డ పెట్టి రుద్దినవా, నువ్వే గీరుతున్నట్టు."

అయితే రుద్దకుండా తీయాలి. ఎత్తాలి. ఆ పనికి పనికొచ్చే వస్తువు ఒక్కటే అతనికి తెలుసు. నాలుగు రోజులు తెలియనట్టు ఉన్నాడు. ఐదో రోజు ఇంట్లో అటక మీదున్న తండ్రి విల్లు దించాడు.

పని ఇలా కుదిరింది. చూరు కింద కుండ పెట్టి వాననీళ్లు పట్టేవాడు. బావినీళ్లయితే ఆరాక తెల్లటి మచ్చలు వదులుతాయి. చెంబెడు వాననీళ్లలో నాలుగు చుక్కల కుంకుడు రసం. ఎక్కువైతే మైనపు మెరుపు పోతుంది. తక్కువైతే జారదు. దూదిని ఆ నీళ్లలో ముంచి, కారకుండా పిండి, పిడికెడు ముద్దను దుమ్ము మీద ఊరికే పెట్టేవాడు. కాసేపు వదిలేవాడు. దుమ్ము నాని దూదిలోకి పోయేది. అప్పుడు నిమ్మళంగా పైకి ఎత్తేవాడు. ఒక ముద్ద ఒక్కసారికే. తర్వాత పారేయడమే. ఆ వెనుక మల్మల్ గుడ్డను ఎనిమిది మడతలు వేసి, తడి చేసి, ఒక్కొక్క మడతతో ఒక్క గీతగా, పైనుంచి కిందికి. గుండ్రంగా ఎన్నడూ తిప్పలేదు. కప్పు ముందు, తలుపులు తర్వాత, చక్రాల దగ్గరిది చివర. చక్రం దగ్గర వాడిన గుడ్డ మళ్లీ తలుపు ముఖం చూసేది కాదు. ఆఖరున పొడి గుడ్డ, అదీ తడి అద్దుకోవడానికే. మిగిలిన నీళ్లు గోదాం మట్టినేలే తాగేది. మోరీలోకి చుక్క పోలేదు.

బజారు దూది మొదట్లో మోసం చేసింది. అందులో గింజ పెంకుల నలకలు ఉన్నాయి. ఒక నలక వెనుక తలుపు మీద బెత్తెడు గీత గీసింది. ఆ రోజు అన్నం తినలేదు. మైనం పట్టించి రెండు రోజులు అరచేత్తో నిమిరితే గీత పోయింది. దీపం పక్క గీతనూ అలాగే పోగొట్టాడు. అప్పటి నుంచి ప్రతి దూదినీ మూడుసార్లు ఏకాడు. విల్లు తీగ మోగినప్పుడల్లా గొంతులో నూగు. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఏకాడు.

భార్య హనీఫాకు ఇదంతా పిచ్చిగా కనబడింది. ఆమె బొంతలు కుడుతుంది. ఇంట్లో ఉన్న దూది ఆమె చలికాలానికి కొని పెట్టుకున్నది.

"దూది ముట్టనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషి ఎవరయ్యా?" అంది ఒకరోజు.

"ఇది వేరే పని."

"అవు, వేరే పనే. మనుషులకు బొంతల్లేవు, కారుకు పరుపేస్తున్నవ్. జోలపాట సుత పాడరాదు?"

"సేఠ్ వచ్చేదాకా ఓపిక పట్టు. డ్రైవరునైనంక దూది మన గడప తొక్కది."

"గడప సంగతి తర్వాత. నా రెండు బొంతల దూది ఏడికి పోయింది, అది చెప్పు."

అతను మర్నాడు మరో బొంతకు సరిపడే దూది పట్టుకుపోయాడు.

జూలైలో రజాకార్లు వచ్చారు. ఖాకీ బట్టల్లో ముగ్గురు. ఇమాం వలి గోదాం తలుపు దగ్గరే కూర్చొని దూది ఏకుతున్నాడు. కట్టెల మోపుల మీదంతా తెల్లటి నూగు పేరుకుని ఉంది.

"అందర్ క్యా హై?" అన్నాడు ఒకడు.

"కట్టెలు, దూది. చూసుకోండ్రి సాబ్."

అతను లోపలికి రెండడుగులు వేశాడు. తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. బయట ఉన్నవాళ్లు నవ్వారు. అతను కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఈ దూదిల ఎట్ల బతుకుతున్నవ్ర భయ్?" అని అడిగాడు. ముగ్గురూ వెళ్లిపోయారు.

సెప్టెంబరులో ఐదు రోజులు గిర్నీ నడవలేదు. విమానాలు పోతుంటే రేకులు అదిరాయి. రేకుల మీది పాత దుమ్ము కారు మీద రాలింది. వీధిలో ఎవరూ లేరు. ఇమాం వలి రోజూ గోడల పక్కగా నడిచి వచ్చాడు, ఆ దుమ్ము ఎత్తాడు, ఇంటికి పోయాడు. ఐదోనాటి సాయంత్రం చాయ్ హోటల్లో రేడియో ముందు జనం గుమిగూడి ఉన్నారు. నిజాం లొంగిపోయాడని, యుద్ధం ఆగిందని అందులో చెబుతున్నారు. మర్నాడు ఇండియా మిలిటరీ బండ్లు సికింద్రాబాదులోకి వచ్చాయి. చూడటానికి ఊరంతా రోడ్డెక్కింది. హనీఫా మాత్రం అతన్ని వారం రోజులు వీధి ముఖం చూడనివ్వలేదు. ముసల్మానుల మీద దాడులు జరుగుతున్నాయని జిల్లాల నుంచి వార్తలు వస్తున్నాయి. ఆ వారం కారు తుడవలేదు. తర్వాత పేరుకున్నది తీయడానికి రెండు రోజులు పట్టింది.

అక్టోబరు మొదట్లో తుకారాం ఉత్తరం రాశాడు. శుక్రవారం రైలుకు వస్తున్నాం, కారు స్టేషనుకు తే.

ఇమాం వలి మోపులు తీయించాడు. దాచి ఉంచిన పెట్రోలు డబ్బా పోశాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ముందు నుంచి హ్యాండిలు తిప్పితే పదమూడోసారికి ఇంజను అందుకుంది. వాకిట్లో, ఎండలో, మొదటిసారి కారును పూర్తిగా చూశాడు. నాలుగు నెలలుగా చిల్లుల్లోంచి పడే వెలుగులో ముక్కలు ముక్కలుగా చూసిన వస్తువు. కారు చుట్టూ తిరిగాడు. ఎక్కడా గీత లేదు. తలుపు మీద మబ్బు పోతుంటే కనబడింది. తన తలపాగా కనబడింది.

స్టేషను దాకా తనే నడిపాడు. గేరు మార్చినప్పుడు చప్పుడు రాలేదు. తుకారాం, అతని భార్య విమలమ్మ సామానుతో ఎక్కారు. వెనక్కి వచ్చేటప్పుడు దారి పొడుగునా ముందు మిలిటరీ ట్రక్కులు. వానలు తెరిపిచ్చి రోడ్డు ఎండి ఉంది. కార్ఖానా చేరేసరికి నల్ల కారు బూడిద రంగులో ఉంది. అయినా తుకారాం వెనుక సీట్లోంచి, "మంచిగ నడుపుతున్నవ్ రా," అన్నాడు. ఇమాం వలి ఆ మాట విని తల తిప్పలేదు. చూపు రోడ్డు మీదే ఉంచాడు.

ఇంటి ముందు వాళ్లు దిగాక, ట్రక్కులకు దారి ఉండాలని కారు ఎడమ పక్కను గోడకు బాగా దగ్గరగా చేర్చి ఆపాడు. గోడకూ కారుకూ మధ్య పిల్లి కూడా దూరదు. చూరు కింది వాననీళ్లు ఇంకా అరకుండ ఉన్నాయి. ఈ దుమ్ము రోడ్డు దుమ్ము, పిండి కాదు, ముందు బాగా నానాలి. అలా లెక్క వేసుకుంటూ చెంబు కోసం గోదాంలోకి పోయాడు.

బయట జనం చేరారు. గిర్నీ వీరయ్య, ఇంకా ఏడెనిమిది మంది పెద్దవాళ్లు. దండలు తెచ్చారు. వీరయ్య మూడు రంగుల జెండా తెచ్చాడు. కారు ముందర కట్టి, తుకారాంను ఊరంతా తిప్పాలని వాళ్ల ముచ్చట.

"అయ్యయ్యో, గింత దుమ్ముల జెండా ఎట్ల కడ్తం?" అన్నాడు వీరయ్య. భుజం మీది కండువా తీశాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కూర్చోబోయే ముందు కుర్చీని తుడిచినట్టు, ఎంతో మర్యాదగా, బానెట్‌ను గుండ్రంగా తుడవడం మొదలుపెట్టాడు. అతను తుడుస్తుంటే ఊరికే నిలబడటం మిగతావాళ్లకు బాగుండలేదు. ఒక్కొక్కరూ కండువా తీశారు. ఒకరు ముందు తలుపు, ఒకరు వెనుక తలుపు, ఒకరు కప్పు. ఒకాయన ఉమ్మి తడి కూడా అద్దాడు. "వద్దు వద్దు, మీకెందుకు తక్లీఫ్," అంటూ తుకారాం కూడా తన కండువాతో దీపాల పక్కన తుడిచాడు.

చెంబుతో బయటికొచ్చిన ఇమాం వలి అది చూశాడు. గోదాం రేకుల కింద గడిపిన నాలుగు నెలలు అతని నోట్లోంచి ఒక్కసారిగా వచ్చాయి.

"చేతులు తియ్యిండ్రి! ముట్టకుండ్రి దాన్ని!"

చేతులు ఆగాయి. వీరయ్య ఒక చేతిలో కండువా, ఒక చేతిలో జెండా. అందరూ ముందు ఇమాం వలిని చూశారు. తర్వాత జెండాను చూశారు. మళ్లీ ఇమాం వలిని చూశారు. ఆ నెలలో ఆ పేరున్న మనిషి సికింద్రాబాదు వీధిలో గొంతెత్తడమే ఎక్కువ. జెండా పట్టుకున్న చేతిని ముట్టొద్దనడం మరీ ఎక్కువ.

"ఏందిరా వలీ? ఏం ముట్టొద్దంటున్నవ్?" వీరయ్య గొంతు మారింది.

"జెండా కాదు కాకా. జెండా కట్టుండ్రి. తువ్వాలలు... దుమ్ములున్నది రాయి కాకా, రంగు గీరుకపోతది..."

"తువ్వాలతోని తుడిస్తే గీరుకపోతదా? మేమేమన్న గీసుకత్తులు పెట్టి తుడుస్తున్నమా?"

ఎవరో నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు. తుకారాం ఇమాం వలి భుజం పట్టుకొని, "లోపలికి పో," అన్నాడు మెల్లగా. అతను పోయాడు. వెనుక కండువాలు మళ్లీ కదలడం వినబడింది. ఇసుక మీద చీపురు ఆడినట్టు చిన్న చప్పుడు. అది మిగతావాళ్లకు వినబడే చప్పుడు కాదు.

ఊరేగింపులో వీరయ్య మనవడు కారు నడిపాడు. సాయంత్రం కారు మళ్లీ గోడ పక్కనే వచ్చి ఆగింది. చీకటి పడేలోగా ఇమాం వలి ముందుకు కాస్త తోయించి, గోడ వైపు రెండు తలుపులూ తన పద్ధతిలో శుభ్రం చేశాడు. అటు ఒక్క కండువా కూడా చేరలేదు. కుడి వైపు ముట్టుకోలేదు. అక్కడ శుభ్రం చేయడానికి దుమ్ము లేదు.

మర్నాడు పొద్దున తుకారాం ఇమాం వలి చేత కారును ఎండలోకి తెప్పించాడు. కుడి తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు నిండా సన్నటి గుండ్రటి గీతలు, ఒకదాని మీద ఒకటి, సాలెగూడు పరిచినట్టు. ముఖం కనబడింది గాని నలిగి కనబడింది. వేలితో నిమిరాడు.

"నాలుగు నెలలు ఏం చేసినవ్ రా?"

"సేఠ్, ఇవి నిన్నటియి. అందరు తువ్వాలలతోని..."

"పెద్దమనుషుల మీద పెడుతున్నవా? ప్రేమతోని తుడిచిన్రు వాళ్లు. నేను సుత తుడిచిన. నేను గీరిన్నా?"

ఇమాం వలి కారు చుట్టూ తిరిగి అటు పక్కకు నడిచాడు. "జెర ఇటు రాండ్రి," అని ఎడమ పక్కకు పిలిచాడు. "నిన్న ఇటు గోడ ఉండె. ఎవ్వరి చెయ్యి పడలే. చూడుండ్రి."

తుకారాం చూశాడు. నల్లటి తలుపులో అతని ముఖం ఉంది. మీసం, బొట్టు, చెవి మీది పుట్టుమచ్చ. వెనుక విమలమ్మ ఆరేసిన చీర అంచు. ఏ గీతా లేదు. అతను తెలియకుండానే వంగి మీసం సవరించుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఇమాం వలి పక్కన నిలబడ్డాడు. ఇంతకన్నా చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. చూపించాల్సింది చూపించాడు.

తుకారాం నిటారుగా నిలబడ్డాడు.

"అంటే ఈ ఒక్క పక్కనే మనసు పెట్టి చేసినవన్నట్టు," అన్నాడు.

ఇమాం వలి తల ఎత్తి సేఠ్ ముఖంలోకి చూశాడు.

"చెయ్యగలిగి సుత అటు చెయ్యలే. అదే నాకు కోపం." తుకారాం గొంతు తగ్గించాడు. "ఇంకోటి. నిన్న నువ్వట్ల ఒర్లకుంటే బాగుండు వలీ. వీరయ్య రాత్రి వచ్చి అడిగిండు, జెండా ఉన్న బండిని వీని చేతికిస్తవా అని. నేనేం చెప్పాలె? నలుగుట్ల తిరిగేటోన్ని. విమలమ్మ తమ్ముడు ఒక డ్రైవరును పంపుతున్నడు. నువ్వేడికి పోవద్దు. తుడిచే పని నీదే."

"జెండాను అనలే, సేఠ్."

"నాకెరుక. నాకెరుకైతే సాల్తదా?"

కారు తాళంచెవి ఇంకా ఇమాం వలి చేతిలో ఉంది. దాన్ని బానెట్ మీద విసిరికొట్టాలని చేయి లేపాడు. చేయి గాల్లోనే ఆగింది. ఇనుము తగిలితే రంగు లేస్తుంది. ఒకసారి లేస్తే మైనంతో పోదు. అతను నాలుగడుగులు వెనక్కి నడిచి, తాళంచెవిని అరుగు మీద పెట్టి, గేటు దాటి వెళ్లాడు.

"పండుగ ముందర ఏందిరా ఈ పరేషాన్?" అని తుకారాం వెనుక నుంచి అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఇంటికొచ్చి చెబితే హనీఫా మొదట నమ్మలేదు. "ఒక్క పక్కనే మంచిగ చేసినవన్నడా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇమాం వలి లేచి బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఆమె నవ్వడం లేదు. అన్నం పెట్టింది. రేకు డబ్బాలోని లైసెన్సు గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

దసరా వెళ్లింది. చలి మొదలైంది. మల్కాజ్‌గిరి నుంచి పరుపుల పని వచ్చింది, చేశాడు. కొత్త డ్రైవరు చేతిలో కారు నెలకే మసకబారిందని విన్నాడు. తుడిచేందుకు రమ్మని తుకారాం రెండుసార్లు కబురు పంపాడు. మూడోసారి వీరయ్యే స్వయంగా వచ్చాడు. అతనిలో పాత కోపమేమీ లేదు. మంచం మీద కూర్చొని చాయ్ తాగాడు.

"రాకుంటే రాకపోతివి గని, ఎట్ల తుడుస్తరో ఆ కొత్తోనికి చెప్పన్న చెప్పరాదురా వలీ. సేఠ్ తన మొఖం కనబడ్తలేదని ఒకటే రంది."

ఇమాం వలి చేతిలోని పని పక్కన పెట్టాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచించాడు. నీళ్ల నుంచా, దూది నుంచా, రాయి నుంచా.

"ముందుగాల, కాకా, పొడిగున్నప్పుడు గుడ్డ పెట్టొద్దు..."

"అయినా," అన్నాడు వీరయ్య కప్పు కింద పెడుతూ, "గుడ్డ పట్టి తుడిచేదానికి చెప్పేటంత ఏముంటది తియ్."

ఇమాం వలి పక్కన పెట్టిన దూది మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం లేదు కాకా. ఇంకింత చాయ్ పొయ్యమందునా?"